13 పిన్నుల కవరు

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాశాను కాబట్టి మాట్లాడినట్టే ఉంటుంది. మధ్యలో వదిలేసిన కొన్ని వాక్యాలు మాత్రం పూర్తి చేశాను.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతుందా? సరే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చేన్లపొంటి తిరిగినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. అయితే మీకు తెలుసు. కాలికి ముల్లు విరుగుతుంది, పిన్నుతోనో సూదితోనో తీసేస్తాం, మర్చిపోతాం. రెండు మూడు రోజులకు గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ముట్టుకుంటే నొప్పి, నడిస్తే నొప్పి. మా అవ్వ గుడ్డ మూటలో ఉప్పు వేడి చేసి కాపడం పెట్టేది. అప్పుడు నాకు ఒకటే డౌటు: దెబ్బ తగిలింది కాలికైతే బిళ్ళ గజ్జల్లో ఎందుకు కట్టింది? ఎవరిని అడిగినా "గట్లనే కడతది బిడ్డా" అన్నారు తప్ప జవాబు చెప్పలేదు. ఎమ్మెస్సీకి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

ఆ బిళ్ళ అంటే లింఫ్ గ్రంథి. మామూలప్పుడు చేతికి తగలనంత చిన్నగా ఉంటుంది. పుండులో దూరిన క్రిముల ముక్కల్ని కొన్ని కణాలు మోసుకొచ్చి అక్కడ చూపిస్తాయి. రక్తంలో తిరిగే టీ కణాలు, అంటే ఒంటిని కాపాడే తెల్లకణాల్లో ఒక రకం, ఆ గ్రంథిలోకి వచ్చి, ఒక్కొక్కటి ఆ ముక్కను తడిమి చూసి, నాది కాదు అనుకుని వెళ్లిపోతుంటాయి. వేలల్లో, లక్షల్లో ఏదో ఒకటి మాత్రం ఇది నాదే అని ఆగుతుంది. ఆగిన ఆ ఒక్కటి నాలుగైదు రోజుల్లో వేలకు వేలు అవుతుంది. మన చేతికి తగిలే బిళ్ళ ఆ రద్దీయే. టీ కణాలే కాదు, బీ కణాలు కూడా ఉంటాయి అందులో, వాటి జోలికి ఇవాళ పోను.

ఇవాళ నేను మాట్లాడేది ఆ ఆగిన టీ కణం లోపల మొదటి పది పదిహేను నిమిషాల్లో ఏం జరుగుతుందన్న సంగతి. అంటే ఒకే ఒక్క ప్రోటీన్ గురించి. దాని పేరు ఎన్‌ఫాట్. పూర్తి పేరు న్యూక్లియర్ ఫ్యాక్టర్ ఆఫ్ యాక్టివేటెడ్ టీ సెల్స్. ఇంత పొడుగు పేరు మళ్లీ పలకను, ఎన్‌ఫాట్ అనే అంటాను.

ఇదొక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. భయపడకండి. ప్రతి కణం న్యూక్లియస్‌లో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ మడతలు పడి ఉంటుంది. తహసీల్ ఆఫీసులో రికార్డు రూం లాంటిదనుకోండి. ఫైళ్లన్నీ ఉంటాయి, కానీ ఎవరో ఒకరు లోపలికి పోయి ఫలానా ఫైలు తీయమని చెప్తే తప్ప ఏదీ బయటికి రాదు. ఆ చెప్పేవాడే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. జీన్ పక్కన తనకు కేటాయించిన చోట కూర్చుంటే ఆ జీన్ చదవబడుతుంది, ప్రోటీన్ తయారవుతుంది. ఎన్‌ఫాట్ తీయించే ఫైళ్లలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-2, అంటే టీ కణాలు పెరగడానికి కావలసిన మేత. ఆ కణమే తయారు చేసుకుంటుంది, ఆ కణమే తింటుంది, విభజన మొదలవుతుంది.

ఇక్కడే అసలు మజా. ఎన్‌ఫాట్ కణం లోపల ఎప్పుడూ ఉంటుంది. మీ ఒంట్లో ఇప్పుడు, నా మాటలు వింటూ ఆవులిస్తున్న ఈ నిమిషంలో కూడా ఉంది. కానీ అది రికార్డు రూం బయట, వరండాలో, అంటే సైటోప్లాజంలో ఉంటుంది. లోపలికి పోలేదు. ఎందుకు పోలేదంటే...

చిన్నప్పుడు ఉత్తరాలు చూశారు కదా. ఒక కవరు మీద న్యూక్లియస్ అని చిరునామా రాసి ఉందనుకోండి. ఆ కవరును మడిచి, చిరునామా లోపలికి పోయేటట్టు స్టాప్లర్‌తో 13 పిన్నులు కొట్టేశారు. పోస్ట్‌మన్‌కు చిరునామా కనబడదు, కవరు అక్కడే పడి ఉంటుంది. ఎన్‌ఫాట్ అట్లాంటి కవరు. పిన్నులంటే ఫాస్ఫేట్లు, ప్రోటీన్‌కు అతుక్కునే చిన్న రసాయన ముక్కలు. 13 అని ఊరికే అనలేదు, ఈ కుటుంబంలో ఎన్‌ఫాట్1 అనేదాంట్లో నిజంగానే 13 చోట్ల ఫాస్ఫేట్లు ఊడితే గానీ పని పూర్తిగా జరగదని లెక్క తేల్చారు. ఆ పిన్నులు ఊడదీసే ఎంజైమ్ పేరు కాల్సిన్యూరిన్.

మరి కాల్సిన్యూరిన్‌ను ఎవరు లేపాలి? కాల్షియం లేపాలి. దీనికి మన దగ్గర మంచి పోలిక ఉంది, మన చెరువులే. రామప్ప, పాకాల, లక్నవరం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నిండు చెరువు ఒకవైపు, ఎండు పొలం ఒకవైపు, మధ్యలో కట్ట, కట్టకు తూము. కణం బయట కాల్షియం లోపలి కంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కణం దాన్ని పొద్దస్తమానం బయటికి తోడుకుంటూనే ఉంటుంది, ఎందుకంటే లోపల కాల్షియం పెరగడమే దానికి వార్త. తూము తెరిచిందంటే ఏదో జరిగిందని అర్థం.

ఇందులో ఒక చిక్కుంది. టీ కణం క్రిమి ముక్కను గుర్తుపట్టగానే పెద్ద చెరువు తూము తెరుచుకోదు. కణం లోపలే ఒక చిన్న కుంట ఉంటుంది, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అంటారు, ముందు ఆ కుంట ఖాళీ అవుతుంది. కుంట గోడలో స్టిమ్1 అనే ప్రోటీన్ కాపలా ఉంటుంది, అచ్చం మన నీరటి లాగా. నీరటి ఎవరో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు, చెరువు తూము తెరవడం మూయడం, ఎవరి మడికి ఎంత నీళ్లో చూడడం ఆయన పని. కుంటలో నీళ్లు తగ్గాయని స్టిమ్1కి తెలుస్తుంది, కణం అంచుకు వచ్చి పెద్ద తూమును తడుతుంది, బయటి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ పెద్ద తూము పేరు ఒరాయ్1. గ్రీకు కథల్లో స్వర్గం తలుపుల దగ్గర ఉండేవాళ్ల పేరది. మనవాళ్లు పెడితే జయవిజయులు అని పెట్టేవాళ్లు.

(నవ్వులు)

ఆ తూము ఎట్లా దొరికిందో చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన భాగం. కొందరు పసిపిల్లలు పుట్టిన కొద్ది నెలలకే ఒకదాని మీద ఒకటి ఇన్‌ఫెక్షన్లతో ఆసుపత్రి పాలయ్యారు. రక్తం తీసి చూస్తే టీ కణాలు ఉన్నాయి. లెక్క సరిపోయింది. కౌంట్ నార్మల్. కానీ ఆ కణాలను ల్యాబ్‌లో ఎంత రెచ్చగొట్టినా కదలవు, కాల్షియం లోపలికి రాదు, ఎన్‌ఫాట్ వరండాలోనే ఉండిపోయింది. చివరికి 2006లో తేలింది: ఒరాయ్1లో 91వ స్థానంలో ఉండాల్సిన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు ట్రిప్టోఫాన్ అనే ఇంకోటి ఉంది. ఒక్క అక్షరం తప్పు. తూము ఉంది, తలుపు తెరుచుకోదు.

కరోనా టైంలో అందరం రిపోర్టులు పట్టుకుని లింఫోసైట్లు, అంటే టీ, బీ కణాల లాంటివి, ఇంత శాతం, అంత శాతం అని వాట్సాప్‌లో పంపుకున్నాం కదా, ఆ పిల్లల సంగతి అప్పుడు నాకు గుర్తొచ్చేది. సిపాయిలు ఎంతమంది ఉన్నారో రిపోర్ట్ చెప్తుంది. వాళ్లు లేస్తారా లేదా అన్నది చెప్పదు.

ఒరాయ్1లో ఆ తప్పు కనిపెట్టిన బృందంలో ముఖ్యమైన పేరు అంజనా రావు. ఆమె మన ఉస్మానియాలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివారు, తర్వాత హార్వర్డ్‌లో పీహెచ్‌డీ. ఎన్‌ఫాట్‌ను 1988లో స్టాన్‌ఫర్డ్‌లో జెరాల్డ్ క్రాబ్‌ట్రీ ల్యాబ్ వాళ్లు ముందుగా గుర్తించారు, కానీ అప్పుడది డీఎన్ఏ మీద ఒక గుర్తు మాత్రమే, ఇక్కడ ఏదో కూర్చుంటోంది అన్నంత వరకే. ఆ కూర్చున్నదాన్ని పట్టుకుని, శుద్ధి చేసి, జీన్‌ను బయటికి తీసినవాళ్లలో అంజనా రావు ల్యాబ్ ఉంది, 1993లో. ఫిజిక్స్ చదివినవాళ్లు బయాలజీకి పనికిరారని ఇంకా ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

పేరు విషయంలో మాత్రం క్రాబ్‌ట్రీ వాళ్లు కొంచెం తొందరపడ్డారు. యాక్టివేట్ అయిన టీ కణాల్లోనే ఉంటుందనుకుని ఆ పేరు పెట్టారు. తర్వాత చూస్తే గుండెలో ఉంది, కండరాల్లో ఉంది, ఎముకను కరిగించే కణాల్లో ఉంది. ఈ కుటుంబంలో ఐదోదానికైతే కాల్షియంతో పనే లేదు, ఉప్పు సాంద్రత పెరిగితే స్పందిస్తుంది. పేరు అట్లాగే ఉండిపోయింది. ఊరు మారినా ఇంటిపేరు మారదు కదా.

నేను దీన్ని కళ్లారా చూసిన రోజు చెప్తాను. ఎన్‌ఫాట్‌కు పచ్చగా మెరిసే ప్రోటీన్ తోక తగిలించిన కణాలు. చీకటి గది, ఏసీ చలి, మైక్రోస్కోప్. టీ కణంలో న్యూక్లియస్ దాదాపు కణమంతా ఆక్రమించి ఉంటుంది, అందుకని పచ్చదనం చుట్టూ సన్నని గాజులాగా కనబడుతుంది, మధ్యలో నల్లగా. కాల్షియం లోపలికి పంపే మందు ఒక చుక్క వేశాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఏమీ లేదు. నేనే ఏదో తప్పు చేశాననుకున్నా. ఐదో నిమిషానికి గాజు పలచబడడం మొదలైంది. పది నిమిషాలకు గాజు లేదు, మధ్యలో నల్లగా ఉన్నచోట పచ్చని బొట్టు. అన్ని కణాల్లో. తర్వాత కాల్షియం కడిగేస్తే మళ్లీ బయటికి, మెల్లగా. లోపల పిన్నులు తిరిగి కొట్టే ఎంజైములు వేరే ఉంటాయి, వాటి డ్యూటీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అంటే తూము ఒక్కసారి తెరిచి మూస్తే సరిపోదు, గంటల తరబడి తెరిచే ఉండాలి, లేకపోతే ఎన్‌ఫాట్ తిరిగి వరండాలోకి. ఏదో పొరపాటున ముక్క తగిలితే కణం రెచ్చిపోకుండా ఇది మంచి ఏర్పాటు.

ఇప్పుడు సంతకాల సంగతి. గ్రామ పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ సంతకం ఒక్కటే చెల్లదు, ఉప సర్పంచ్ కూడా పెట్టాలి, ఇక్కడ పంచాయతీలో చేసినవాళ్లుంటే దాని వల్ల వచ్చే లొల్లి కూడా తెలుసు.

(నవ్వులు. వెనక నుంచి ఎవరో: "మాకే తెల్వాలె సార్!")

ఇంటర్‌ల్యూకిన్-2 జీన్ దగ్గర కూడా అంతే. ఎన్‌ఫాట్ ఒక్కటి కూర్చుంటే చాలదు, పక్కనే ఏపీ-1 అనే ఇంకో ఫ్యాక్టర్ కూర్చోవాలి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఏపీ-1 గట్టిగా తయారవ్వాలంటే టీ కణానికి రెండో సిగ్నల్ కావాలి, టీ కణం మీద ఉండే సీడీ28 అనే ప్రోటీన్ ద్వారా వచ్చేది. క్రిమి ముక్కను చూపించే కణం, ఇక్కడ నిజంగానే ప్రమాదం ఉంది అని ధ్రువీకరిస్తే వచ్చే సిగ్నల్ అది. మరి రెండో సంతకం రాకపోతే? ఎన్‌ఫాట్ ఊరికే కూర్చోదు. ఒంటరిగా వేరే ఫైళ్లు తీస్తుంది. ఆ ఫైళ్లు కణాన్ని మొద్దుబారుస్తాయి. మన సొంత కణజాలం ముక్కను చూసి టీ కణం పొరపాటున ఆగినప్పుడు ఇది మనల్ని కాపాడుతుంది. క్యాన్సర్‌లో మాత్రం ఇదే కొంప ముంచుతుంది: గడ్డ రోజుల తరబడి అదే ముక్క చూపిస్తూ ఉంటే తోడు లేని ఎన్‌ఫాట్ ఆ కణాన్ని అలసిపోయిన స్థితిలోకి నెడుతుంది. అందుకే కార్-టీ చికిత్స, అంటే రోగి టీ కణాలనే ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదికి తిరిగి ఎక్కించే చికిత్స, చేసేవాళ్లలో కొందరు టీ కణాల్లోకి జూన్ అనే ప్రోటీన్‌ను అదనంగా ఎక్కించి చూశారు. జూన్ అంటే ఏపీ-1లో సగభాగం. ఆ కణాలు తొందరగా అలసిపోలేదని 2019లో ప్రచురించారు, ఎలుకల్లో చూసి. ఇంకో విడ్డూరం, రోగనిరోధకతను అణిచి ఉంచే రెగ్యులేటరీ టీ కణాల్లో ఇదే ఎన్‌ఫాట్ ఫాక్స్‌పీ3 అనే దానితో జతకట్టి అదే ఇంటర్‌ల్యూకిన్-2 ఫైలును మూయిస్తుంది. మనిషి ఒకడే, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి సంతకం మారుతోంది.

పోలికలు ఎక్కువైపోయాయని మా ఆవిడ ముందు వరుసలోంచి చూస్తోంది. సరే, మా ఇంటి సంగతికి వస్తాను, అసలు నేను ఈ ప్రోటీన్ వెంట పడిందే అందుకు.

మా బాపుకు కిడ్నీ మార్చి ఆరేండ్లయింది. ఇచ్చింది మా అవ్వే. పొద్దున 8 గంటలకు, రాత్రి 8 గంటలకు ఆయన ఒక గోలీ వేసుకుంటాడు, టాక్రోలిమస్. ఆ రెండు పూటలూ ఇంట్లో ముగ్గురి ఫోన్లలో అలారం మోగుతుంది. ఆ గోలీ చేసే పని ఒకటే: కాల్సిన్యూరిన్ చేతులు కట్టేయడం. మందు ముందు మన కణంలోని ఎఫ్‌కేబీపీ12 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, ఆ రెండూ కలిసి పోయి కాల్సిన్యూరిన్‌కు అడ్డం పడతాయి. పిన్నులు ఊడవు, కవరు కదలదు, మా అవ్వ కిడ్నీని పరాయిదని గుర్తుపట్టిన టీ కణం కూడా అట్లా చూస్తూ ఉండిపోతుంది.

దీనికి ముందు వచ్చింది సైక్లోస్పోరిన్. నార్వేలో హర్డాంగర్‌విడ్డా అనే పీఠభూమి మట్టిలో దొరికిన బూజు నుంచి తీశారు. కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్నే 1978లో కిడ్నీ మార్చినవాళ్లకు వాడి చూశాడు, 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. టాక్రోలిమస్ 1984లో జపాన్‌లో, త్సుకుబా మట్టిలోని బ్యాక్టీరియా నుంచి. రెండు దేశాల మట్టి, రెండు వేరే వేరే అణువులు, ఆకారంలో పోలికే లేదు, లోపలికి పోయి పట్టుకునే ప్రోటీన్లు కూడా వేరు, తీరా చూస్తే రెండూ చేరేది ఒకే కాల్సిన్యూరిన్ దగ్గరికి. ఈ సంగతి 1991లో బయటపడింది. అంటే అనుమతి వచ్చాక కూడా ఎనిమిదేండ్లు సైక్లోస్పోరిన్‌తో మనుషులు బతికారు, అది ఒంట్లో దేన్ని ఆపుతోందో ఎవరికీ తెలియకుండానే.

మంచి మందే, కానీ సాధు జంతువు కాదు. కాల్సిన్యూరిన్ మెదడులో పుష్కలంగా ఉంటుంది, ఆ పేరులో న్యూరాన్ ఉండడం అందుకే. కిడ్నీలో కూడా దాని పనులు దానికున్నాయి. కిడ్నీని కాపాడే మందే, డోసు ఎక్కువైతే కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే పొద్దున గోలీ వేసుకోకముందే రక్తం ఇచ్చి అందులో మందు లెవల్ చూపించుకోవాలి. ఒకసారి బాపుకు దగ్గు వస్తే, నేను ఊళ్లో లేను, దగ్గర్లో ఒకచోట చూపించుకున్నాడు. కిడ్నీ మార్చిన సంగతి ఈయన చెప్పలేదు, వాళ్లు అడగలేదు. క్లారిత్రోమైసిన్ రాశారు. టాక్రోలిమస్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆ యాంటీబయాటిక్ ఆపేస్తుంది, మందు ఒంట్లో పేరుకుపోతుంది. నాలుగో రోజు నేను ఇంటికొచ్చేసరికి బాపు చాయ్ తాగుతున్నాడు, సాసరు మీద కప్పు టకటకమంటోంది. "చలికి" అన్నాడు. మే నెలలో!

లెవల్ చూస్తే మామూలుకంటే బాగా పైన ఉంది. ఆ యాంటీబయాటిక్ ఆపించి, డోసు తగ్గించి, వారంలో దారికొచ్చింది. పంపరపనస తినొద్దనేది కూడా ఇట్లాంటి కారణానికే.

అందుకే "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏది పెంచుతారు? కాల్షియం తూమునా, పిన్నులు తీసేవాడినా, రెండో సంతకాన్నా? ఒక పెద్దమనిషి మా బాపుకు ఒక డబ్బా తెచ్చిచ్చాడు, ప్రేమతోనే. మా ఇంట్లో మేం రోజుకు రెండు పూటలా అలారం పెట్టుకుని ఇమ్యూనిటీ తగ్గించుకుంటున్నాం అని ఆయనకు చెప్పడానికి అరగంట పట్టింది.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలో ఒక పెద్దావిడ: "మరి కాల్షియం గోలీలు ఏసుకుంటే టీ కణాలు గట్టిగైతయా సార్?")

కావమ్మా. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో ఒళ్లు చాలా గట్టిగా కాపలా కాస్తుంది, మీరు గోలీలు మింగినా అది పెద్దగా మారదు. చెరువు నిండుగానే ఉంది, తూము తెరవడం దగ్గరే ఉంది పనంతా. మోకాళ్ల కోసం డాక్టర్ రాస్తే వేసుకోండి, దీని కోసం కాదు.

(ఒక విద్యార్థి: "సార్, కాల్సిన్యూరిన్‌ను ఆపకుండా ఎన్‌ఫాట్‌ను ఒక్కదాన్నే ఆపే మందు ఎందుకు చేయరు?")

మంచి ప్రశ్న, నువ్వు ఈ లైన్లోకే రావాలి. ప్రయత్నాలు జరిగాయి. కాల్సిన్యూరిన్ ఎన్‌ఫాట్‌ను ఒక చిన్న కొక్కెం దగ్గర పట్టుకుంటుంది, ఆ కొక్కెం ఆకారంలో ఒక చిన్న పెప్టైడ్, అంటే ప్రోటీన్ తునక లాంటిది, తయారు చేసి అడ్డం పెడితే ఎన్‌ఫాట్ ఆగింది, ఎంజైమ్ మాత్రం అట్లాగే పని చేయగలిగింది. దాని పేరు వివిట్, 1999లో అంజనా రావు, ప్యాట్రిక్ హోగన్ వాళ్ల ల్యాబ్ నుంచే. పెప్టైడ్‌ను గోలీలాగా మింగితే కడుపులోనే అరిగిపోతుంది, కణాల్లోకి చేర్చడం ఇంకో తలనొప్పి. కొక్కెం దొరికింది, దానికి సరిపడే గోలీ ఇంకా మా బాపు డబ్బాలోకి రాలేదు.

(వెనక నుంచి ఒకాయన: "అన్నా, మా తమ్మునికి పోయిన ఏడు కిడ్నీ మార్చిండ్రు. మేడారం తీస్కపోవచ్చా?")

అన్నా, ఆయనను చూసే డాక్టర్‌ను అడగకుండా మాత్రం వద్దు. అంత జనం, దుమ్ము, దగ్గులు, బయటి నీళ్లు, ఆయన టీ కణాలు సగం కట్టేసి ఉన్నాయి కదా. మా బాపు ఈ ఆరేండ్లలో జాతరకు పోలేదు. నిలువెత్తు బంగారం మాత్రం ఆయన తూకానికి సరిపడా మాతోటి పంపుతాడు. ఆపరేషన్ అప్పుడు 54 కిలోలు ఉండె, స్టెరాయిడ్ వేసుకుని ఆకలి పెరిగి ఇప్పుడు 71. పోయినసారి బెల్లం దుకాణం ముందు నిలబడి మా అవ్వ, "కిడ్నీ నాది, బెల్లం ఖర్చు కూడా నాదేనా" అంది.